కడిగేసిన కొండ

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ఆ వీధిలో ఎవరికీ దానితో పనిపడలేదు. అందరికీ ఆవిడ మరకలమ్మే. వీధి మలుపులో బట్టలుతికి ఇస్త్రీ చేసే కొట్టు నడిపినన్నాళ్ళూ సిరా మరకలు, గ్రీజు మరకలు, తుప్పు మరకలు, కొత్త బట్టల మీద ఒలికిన పళ్ళరసం మరకలు, ఏదీ ఆవిడ చేతిలో పడి బతికి బయటపడలేదు. మోకాళ్ళు మొరాయించాక కొట్టు వదిలేసి కొడుకింటికి వచ్చింది గానీ, నడుముకు కట్టుకునే తెల్ల ఏప్రాన్‌ను మాత్రం వదల్లేదు. దాని మీద ఎన్నడైనా చుక్క పడిందని చెప్పినవాడు లేడు. ఉంటే వాడి పని అయిపోయేది.

మీరు వెళ్ళి ఆవిడతో ఎంత ముఖ్యమైన సంగతైనా మాట్లాడండి. మీ కాలరు మీద మచ్చ ఉందా, ఇక మీ మాట ఆవిడ చెవికెక్కదు. "ఊఁ, ఊఁ" అంటూనే ఉంటుంది, చూపు మాత్రం కాలరు మీదే. చివరికి "అది ముందు విప్పి ఇలా ఇవ్వండి, తర్వాత చెబుదురుగాని" అనేస్తుంది. సొంత డాక్టర్నే అలా చొక్కా విప్పించి కూర్చోబెట్టిన మనిషి.

అలాంటావిడకు దేవుడు ఎలాంటి కోడల్ని ఇచ్చాడయ్యా అంటే, ఒంటినిండా దుమ్ముతో తప్ప ఇంటికి రాని కోడల్ని ఇచ్చాడు. ఆ అమ్మాయిది రాళ్ళ చదువు. ఊరి చివర, బస్సుల ఆఖరి స్టాపు దాటాక, నెత్తిన పెద్ద గుంటతో ఒక కొండ ఉంది. మనుషులు పుట్టకముందెప్పుడో నిప్పులు కక్కి చల్లారిపోయిన అగ్నిపర్వతం. ఆ గుంట గోడలు పట్టుకుని సుత్తితో తిరగడమే కోడలి ఉద్యోగం, చదువు, సరదా, అన్నీ.

"మీ కోడలు ఏం చేస్తుందండీ?" అని పక్కింటావిడ అడిగితే, "రాళ్ళు కొడుతుంది" అని చెప్పి, ఆవిడ మొహం చూసి జాలిపడి, "జైల్లో కాదులెండి, కాలేజీలో" అని కలిపింది మరకలమ్మ.

ఎగతాళి చేసేది గానీ కోడలంటే ప్రాణం. సాయంత్రం ఆ అమ్మాయి గుమ్మంలో అడుగుపెట్టగానే బూట్లు బయటే విప్పించి, ప్యాంటు వంక ఒకసారి చూసి, "ఇవాళ బూడిదరంగు దుమ్ము. గుంట అడుక్కి దిగావన్నమాట" అనేది. "అత్తయ్యా, మీకు తెలియకుండా నేను ఎక్కడికీ పోలేను" అని నవ్వేది కోడలు. ఆ నవ్వు కోసమే మరకలమ్మ రోజూ వేణ్ణీళ్ళు కాచి సిద్ధంగా ఉంచేది. కన్నకొడుక్కి ఏనాడూ అంత మర్యాద జరగలేదు. బస్సు నడిపి నడిపి వచ్చి, "నాకూ ఒక బకెట్టు పెట్టొచ్చుగా అమ్మా" అంటే, "నీకు చేతులున్నాయిగా" అనేది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కోడలు కొన్నేళ్ళుగా చేస్తున్న పరిశోధన పూర్తయింది. వచ్చే వారం కాలేజీలో పెద్దల ముందు రాళ్ళన్నీ వరసగా పేర్చి, తన వాదన నెగ్గించుకోవాలి. ఆ కొండ ఒక్కసారి కాదు, రెండుసార్లు మండిందని ఆమె మాట. ఒక్కసారే మండింది, ఆరింది, కథ కంచికి వెళ్ళిందని ఆమె ప్రొఫెసరు మాట. ఆయన మంచివాడే, కాకపోతే పట్టు పట్టాడంటే కొండ కదులుతుందేమో గానీ ఆయన కదలడు. కోడలు ఓడిపోతే పట్టా రాదు, అన్నేళ్ళ కష్టమూ బూడిదలో పోసినట్టే.

రాళ్ళన్నీ బాల్కనీలో చెక్కపెట్టెల్లో ఉన్నాయి. ఒక్కో రాయి మీదా గోరంత తెల్ల రంగు పూసి, దాని మీద నల్ల సిరాతో ఒక అంకె వేసి ఉంది. గుంట గోడలో ఏ పొర నుంచి తీసిందో ఆ అంకే చెబుతుంది. కొన్నిటి మీద చిన్న బాణం కూడా ఉంది. రాయి గోడలో ఉన్నప్పుడు దాని పైవైపు ఏదో ఆ బాణం చూపిస్తుంది. ఇదంతా కోడలికి తెలుసు. మరకలమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

ఆ రోజు పొద్దున కోడలు కాలేజీకి వెళ్తూ, "హమ్మయ్య, పనంతా అయిపోయింది అత్తయ్యా. ఇక వాళ్ళకు చూపించడమే" అంది.

ఆ మాటే కొంప ముంచింది.

ఎందుకంటే మరకలమ్మ కొట్లో ఒక పద్ధతి ఉండేది. బట్ట రాగానే అంచుకు అంకె వేసిన గుర్తుగుడ్డ కుట్టేవాళ్ళు. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, మడత పెట్టాక, మనిషి చేతికిచ్చే ముందు ఆ గుర్తు తీసెయ్యాలి. గుర్తుతోనే బట్ట తిరిగిచ్చామంటే పని సగమే చేసినట్టు. పనివాళ్ళలో ఎవరైనా మరిచిపోతే ఆ పూట వాళ్ళకు మూడేది. పని అయిపోయిందా, చూపించడమే మిగిలిందా, అయితే గుర్తులు తీసెయ్యాలి. ఆవిడ చేతులకు తెలిసిన లెక్క అది.

బాల్కనీలోకి వెళ్ళి ఆ పెట్టెలు చూసింది. మట్టి, దుమ్ము, రాళ్ళ నిండా కన్నాలు, కన్నాల్లో తెల్లగా ఏదో పేరుకుపోయి, పైన పెయింటు చుక్కలు. "ఇవా పెద్దవాళ్ళ ముందు పెట్టేది! మా అమ్మాయి పరువేం కావాలి!" అనుకుంది. ఏప్రాన్ బిగించింది.

ముందు సబ్బునీళ్ళలో నానబెట్టింది. బ్రష్షుతో మూలమూలలా రుద్దింది. పెయింటు చుక్కలు మొండికేస్తే కొడుకు అటక మీద దాచుకున్న థిన్నరు సీసా దించింది. దూది తడిపి అద్దగానే చుక్కలు ఇట్టే ఊడిపోయాయి. కన్నాల్లో తెల్లటిది సబ్బుకు లొంగకపోతే వెనిగరు పోసింది. అది బుసబుసమని పొంగి కరిగిపోతుంటే, ఎంతకాలమైందో ఇలాంటి మంచి మరక తగిలి అని ఆవిడ మనసు ఉప్పొంగిపోయింది. తర్వాత అన్నిటినీ తువ్వాలు మీద ఆరబెట్టి, పెద్దవి వెనకా చిన్నవి ముందూ, మధ్యలో అందమైనవీ పెట్టి, ముచ్చటగా పేర్చింది. అందులో ఒక రాయి ఆవిడకు భలే నచ్చింది. సగం కారునలుపు, సగం ఇటుక ఎరుపు. దాన్ని నట్టనడుమ పెట్టింది.

కోడలు వచ్చేసరికి మరకలమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుని బాల్కనీకి లాక్కెళ్ళింది. "కళ్ళు మూసుకో. ఊఁ, ఇప్పుడు తెరువు."

కోడలు కళ్ళు తెరిచింది. భుజాన ఉన్న సంచి జారి కింద పడింది.

"ఎలా మెరుస్తున్నాయో చూశావా?"

"అత్తయ్యా... అంకెలేవి?"

"తీసేశానుగా! ఒక్కటి మిగిలుంటే చూపించు, నా పేరు మార్చుకుంటా."

కోడలు మోకాళ్ళ మీద కూర్చుని ఒక రాయి తీసింది, తిప్పి చూసింది, పెట్టింది. ఇంకొకటి తీసింది. సగం నలుపు సగం ఎరుపు రాయి తీసి చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. అప్పటికి మరకలమ్మకు ఏదో తేడా కొట్టింది. వాసన చూసి బట్ట కాలుతోందని పట్టేసే మనిషి, ఎదురుగా పిల్ల మొహం మాడిపోతుంటే పట్టలేదా?

"ఏమ్మా? ఏం చేశాను?"

కోడలు చెప్పింది. గట్టిగా ఒక్క మాట అనలేదు. అంకె లేకపోతే ఏ రాయి ఏ పొరదో తెలియదని, పొర తెలియకపోతే అది దారిన పోయే రాయితో సమానమని మెల్లగా చెప్పింది. చెప్పి, లేచి, లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, "మీరు మధ్యాహ్నం భోంచేశారా అత్తయ్యా? ఇంత పని పెట్టుకుని తినే ఉండరు" అంది.

అంతే. ఆవిడ గుండె చెరువైపోయింది. తిట్టినా బాగుండేది. తనూ పెద్ద నోరు వేసుకుని ఎదురు దులిపేది, ఇద్దరూ ఏడ్చేవాళ్ళు, తేలికయ్యేది. భోంచేశారా అని అడిగితే మనిషి ఎక్కడ తలదాచుకోవాలి?

కొడుకు వచ్చి సంగతి విని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఎంత పని చేశావే అమ్మా! థిన్నరు కూడా వాడావా? అది నేను..."

"నీ థిన్నరు గొడవ తర్వాత," అంది కోడలు. "ఆవిణ్ణేమీ అనకు. పెట్టెల మీద ముట్టుకోవద్దని రాసి పెట్టాల్సింది నేను."

"రాసినా తుడిచేసేది" అన్నాడు కొడుకు. ఆ పరిస్థితిలో కూడా కోడలి పెదవి ఒకవైపు కొంచెం వంగింది. మరకలమ్మ మాత్రం వంటింట్లో మొహం గోడకు తిప్పుకుని నిలబడిపోయింది. ఈ చేతులు విరిగిపోయినా బాగుండేది అనుకుంది. నిజంగానే అనుకుంది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ కోడలు ఒక రాయిని చేతిలో తిప్పుతోంది. ఉన్నట్టుండి గ్లాసు కింద పెట్టేసింది.

"ప్రతి రాయినీ నేను గోడలోంచి కొట్టి తీశాను. అంటే ప్రతి రాయికీ అక్కడ ఒక సొట్ట ఉంటుంది. ఆ సొట్టలో ఈ రాయి తప్ప ఇంకోటి అమరదు."

"అంటే," అన్నాడు కొడుకు అనుమానంగా, "ఇవన్నీ మళ్ళీ కొండెక్కించి, చెప్పుల కొట్లోలాగా ఒక్కొక్కటీ తొడిగి చూస్తామా?"

"తొడిగి చూస్తాం."

"నేను మోస్తా" అంది మరకలమ్మ.

"నీ మోకాళ్ళు..."

"మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటా. నువ్వు బండి సంగతి చూడు."

కొడుకు స్నేహితుడి వ్యాను అడిగి తెచ్చాడు. దారిలో ముందు సీట్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకుంటుంటే, వెనక రాళ్ళ మధ్య కూర్చున్న మరకలమ్మ ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నది.

"అన్నిటికన్నా ముఖ్యమైంది ఆ ఎర్రా నల్లా రాయి," అంటోంది కోడలు. "నల్లది చల్లారిన లావా. ఎర్రది మట్టి. మట్టి ఊరికే పుట్టదు కదా. కొండ చల్లారాలి, వానలు కురవాలి, గడ్డి మొలవాలి, పురుగులు తిరగాలి, తరాలు గడవాలి. ఆ మట్టి మీద నల్లది ఉందంటే, కొండ అంతకాలం పడుకుని మళ్ళీ లేచిందన్నమాట. అదే నల్లదాని మీద మట్టి ఉంటే మాత్రం పెద్ద విశేషం లేదు. ఆరిపోయాక పైన మట్టి పట్టింది, అంతే. బాణం నల్లవైపు ఉంటే నా మాట నిలుస్తుంది. ఎర్రవైపు ఉంటే ప్రొఫెసరుగారిదే నిజం."

"ఎటు ఉందో నీకు గుర్తులేదా?"

"ఆ రోజు కుండపోత వాన. రోడ్డువాళ్ళు అక్కడ కాంక్రీటు గోడ కడుతూ జరుగు జరుగు అని అరుస్తున్నారు. బాణం గీసి పరిగెత్తాను. ఫోటో చూస్తే అంతా నీళ్ళే. నల్లది పైనే అని నా మనసు చెబుతోంది గానీ, నా మనసు నాకు కావలసిందేగా చెబుతుంది. దాన్నెలా నమ్మను?"

మరకలమ్మ ఒళ్ళో ఆ రాయే ఉంది. ఏప్రాన్‌లో చుట్టి పెట్టుకుంది.

గుంట అంచు మీద నిలబడి లోపలికి చూసినప్పుడు ఆవిడ నోరు తెరిచింది, మూయడం మరిచిపోయింది. ఊరంతటినీ తెచ్చి పెట్టినా నిండనంత గిన్నె. అడుగున పచ్చటి గడ్డి, నడుమ చిన్న మడుగు, మడుగులో ఆకాశం ముక్క. చుట్టూ గోడలు చారలు చారలుగా ఉన్నాయి. బూడిదరంగు, నలుపు, గోధుమరంగు, మళ్ళీ బూడిదరంగు. ఇస్త్రీ చేసి దొంతర పెట్టిన దుప్పట్లలా ఉందనుకుంది. ఇన్నేళ్ళూ వేణ్ణీళ్ళలో తను వదిలించింది ఈ దుమ్మునన్నమాట.

"ఇది మళ్ళీ లేవదు కదమ్మా?"

"లేవదు అత్తయ్యా. కింద నిప్పు ఎప్పుడో చచ్చిపోయింది. పడుకున్న కొండలు వేరు, ఇది పోయిన కొండ."

"పాపం," అంది మరకలమ్మ. నిప్పులకొండ మీద జాలిపడిన మనిషిని కోడలు అప్పుడే చూసింది.

దారి వెంట నెమ్మదిగా దిగారు. ఆవిడ కోసం కొడుకు మడత స్టూలు ఒకటి మోసుకొచ్చాడు. పదడుగులు వేయడం, కూర్చోవడం, రాయి అందించడం. మొదటి సొట్ట దగ్గర ఒక రాయి పెట్టి చూశారు, పట్టలేదు. ఇంకొకటి, పట్టలేదు. ఎన్ని మార్చారో! చివరికి కోడలు నురుగులా కన్నాలున్న ఒక నల్ల రాయిని తిప్పి లోపలికి నెట్టింది. టక్కుమని కూర్చుంది. చెయ్యి తీసినా పడలేదు. నిన్న మొన్న తీసినట్టు కాదు, ఎప్పుడూ కదలనట్టే ఉంది.

"ఎక్కింది!" అని కొడుకు అరిస్తే ఆ కేక గిన్నె చుట్టూ తిరిగి వచ్చింది. మరకలమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోడలు జేబులోంచి తెల్ల రంగు సీసా తీసి, అక్కడికక్కడే చుక్క పెట్టి అంకె వేసింది.

అక్కడినుంచి పని జోరందుకుంది. కొన్ని రాళ్ళు చెప్పినట్టు విన్నాయి. కొన్ని బతిమాలించుకున్నాయి. మరకలమ్మ మరీ గట్టిగా రుద్దిన మెత్తటి రాళ్ళకు అంచులు అరిగిపోయి, అమరీ అమరకుండా ఊగాయి. వాటిని కోడలు పక్కన పెట్టేసి, గోడలోంచి కొత్త ముక్కలు కొట్టుకుంది. మధ్యమధ్యలో అత్తగారికి కొండ చూపించింది. ఒకచోట బూడిద పొరల్లో తలకాయంత రాయి ఇరుక్కుని ఉంది. దాని కింద పొరలన్నీ వంగి ఉన్నాయి, పరుపు మీద ఎవరో దబ్బున కూర్చున్నట్టు.

"ఇది పైకి ఎగిరి వచ్చి ఇక్కడ పడింది అత్తయ్యా. అప్పటికి ఈ బూడిద ఇంకా మెత్తగా ఉంది. చూడండి, ఎలా కుంగిందో."

మరకలమ్మ ఆ వంపు మీద వేలు పెట్టింది. "ఎప్పుడో పడితే, ఇప్పటిదాకా అలాగే ఉందా? ఎవరూ సరిచెయ్యలేదా?"

"ఎవరైనా సరిచేసి ఉంటే నాకు చదువుకోవడానికేం మిగిలేది?" అంది కోడలు. అంటూనే నాలిక కరుచుకుంది. మరకలమ్మ వంపు మీంచి వేలు తీసేసింది. ఆ మాట సూటిగా వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది.

అన్నీ అయ్యాయి. ఒక్కటి మిగిలింది. రోడ్డు గుంటలోకి దిగే మలుపు దగ్గరికి వెళ్ళి ముగ్గురూ నిలబడ్డారు. అక్కడ కొండ లేదు, కాంక్రీటు గోడ ఉంది. కొండచరియ విరిగి రోడ్డు మీద పడకుండా కట్టింది. ఎర్రా నల్లా రాయి సొట్ట దాని వెనకెక్కడో ఉంది. కొడుకు గోడను అరచేత్తో తట్టి చూశాడు, ఏదో తలుపైనట్టు.

కోడలు గోడకు ఆనుకుని కూర్చుంది. మొదటిసారి ఆ పిల్ల మొహంలో అలసట కనిపించింది. కాసేపటికి తలెత్తింది.

"అత్తయ్యా, దీని మీద పెయింటు తుడిచింది మీరేగా. బాణం ఎటు ఉంది? నల్లవైపా, ఎర్రవైపా?"

మరకలమ్మకు వ్యానులో విన్నదంతా గుర్తుంది. నల్లవైపు అంటే చాలు. ఒక్క మాట. ఆ మాటతో పిల్ల మొహం వెలిగిపోతుంది, తను చేసిన వెధవ పని మాసిపోతుంది, ఇంట్లో మళ్ళీ నవ్వులు. ఎవరికి తెలుస్తుంది? కాంక్రీటు వచ్చి సాక్ష్యం చెబుతుందా? మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"నాకు గుర్తులేదమ్మా," అంది. "నల్లవైపని చెబుదామనే అనుకున్నా. నోటిదాకా వచ్చింది. కానీ నేను చూడలేదే తల్లీ. నాకు అది మరక. మరక ఏ ఆకారంలో ఉందని చూడను, ఎలా పోతుందనే చూస్తాను. బతుకంతా అదే చూపు. నిన్ను ముంచేశాను."

చెప్పి ఏప్రాన్‌తో మొహం కప్పుకుంది. కోడలు లేచి వచ్చి స్టూలు పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది, ఆ దుమ్ము జుట్టుతోనే, ఆ తెల్ల ఏప్రాన్ మీదే.

"నల్లవైపని చెప్పేసి ఉంటే నేను నమ్మేసేదాన్ని అత్తయ్యా. పరిగెత్తుకెళ్ళి వాళ్ళందరికీ చెప్పేసేదాన్ని. తర్వాత జీవితాంతం అది నిజమో కాదో తెలియకుండా ఉండేదాన్ని." తలెత్తకుండానే మళ్ళీ అంది. "అసలు తప్పు నాది. బాణం ఉంది కదా అని రాయిని కోసి లోపల చూడలేదు. బాణం గీసింది నేనే, దాన్నే సాక్ష్యంగా చూపిస్తే ప్రొఫెసరుగారు ఊరుకునేవారా? కోసి చూడాల్సిందే. పొడైపోతుందని భయపడ్డాను."

"ఇప్పుడు కోస్తే?"

"నల్లది గట్టిదే. ఎర్రది మట్టి కదా, రంపం తగిలితే రాలిపోవచ్చు. ఇప్పుడు బాగా నానింది కూడా." ఎవరు నానబెట్టారో మాత్రం అనలేదు. "రాలిపోతే ఇక ఏమీ మిగలదు."

మరకలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆలోచించింది. "మెత్తగా ఉంటే గంజి పెట్టకూడదూ? ఎంత జావగారిపోయిన బట్టయినా గంజి పెడితే నిలబడుతుంది."

కోడలు తలెత్తి చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ పక్కటెముకలు పట్టుకుంది. కొడుక్కి అర్థం కాక ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. "మేమూ అదే చేస్తాం అత్తయ్యా! మాది జిగురు గంజి. బాగా ఆరనిచ్చి, దాంట్లో ముంచి, గట్టిపడ్డాక కోస్తాం. మీరు అన్నది అక్షరాలా అదే."

"మరి నిన్నటినుంచి ఏడుపు మొహం పెట్టుకుని కూర్చున్నావేం?" అని కసిరింది మరకలమ్మ. కసరగలిగినందుకు ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

రాయి ఆరింది, జిగురు తాగింది, గట్టిపడింది. కాలేజీలో రాళ్ళు కోసే గది ఆవిడ పాత కొట్లో ఉతుకు గదిలాగే ఉంది. తడి నేల, మూల నీళ్ళు పోయే మోరీ, గొట్టాలు, చెవులు చిల్లులు పడే మోత. మరకలమ్మకు చప్పున ఇల్లు చేరినట్టనిపించింది. కోడలు కళ్ళద్దాలు పెట్టుకుని, రాయిని బిగించి, నీళ్ళు వదిలింది. రంపం తిరిగింది. నీళ్ళు ముందు నల్లగా వచ్చాయి, తర్వాత ఎర్రగా. ఎర్ర నీళ్ళు చూసి మరకలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో, వాడు "అబ్బా" అన్నది మోతలో ఎవరికీ వినపడలేదు.

మోత ఆగింది. రాయి రెండు చెక్కలైంది. రాలలేదు. కోడలు ఒక చెక్కను నీళ్ళ కింద కడిగి వెలుగులో పెట్టింది. ముగ్గురి తలలూ దాని మీద వాలాయి.

పైన ఉందో కింద ఉందో గానీ, ఒకవైపు నలుపు. ఆ నలుపు మట్టిని తాకినచోట ఎరుపు మండిపోతోంది. అక్కడినుంచి దూరం జరిగేకొద్దీ ఎరుపు తగ్గి, ఇటుకరంగై, గోధుమరంగై, చివరి అంచున ఉత్త మట్టిరంగులోకి వచ్చేసింది.

"ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయినట్టు ఉందే" అంది మరకలమ్మ.

కోడలు పెదవులు బిగబట్టి తల ఊపింది, ఇంకా ఊపుతూనే ఉంది. కళ్ళద్దాల వెనక నీళ్ళు కారిపోతున్నాయి. "కాలిన మట్టి అత్తయ్యా. ఆరిపోయాక పైన పట్టిన మట్టయితే ఇలా కాలదు. ఎర్రగా కాగిన లావా దీని మీదికి వచ్చి కూర్చుంది. గడ్డి మొలిచిన మట్టి మీద. కొండ రెండోసారి లేచింది." అని మొగుణ్ణీ అత్తగారినీ కలిపి ఒకేసారి పట్టేసుకుంది, తడి చేతులతో, బురద చేతులతో. "లేచింది! ఇక ఆయన ఎన్ని అడిగినా అడగనీ. బాణంతో పన్లేదు. రాయే చెబుతుంది."

"బాణంతో పన్లేదంటే ఎలా?" అంది మరకలమ్మ. "గుర్తు లేకుండా పంపిస్తావా? రేపు నాలాంటిది ఇంకొకతె తగిలితే?"

కోడలు ఆవిడ వంక చూసింది. జేబులోంచి తెల్ల రంగు సీసా, సన్నటి కుంచె, నల్ల సిరా తీసి బల్ల మీద పెట్టింది. "అయితే మీరే పెట్టండి."

"నేనా? నాకు రాదు."

"చుక్క పెట్టడం రాకపోవడమేమిటి? కూర్చోండి."

మరకలమ్మ కూర్చుంది. ముందు తెల్ల రంగు అద్ది, ఆరేదాకా దాని మీద ఊదింది. తర్వాత కుంచె సిరాలో ముంచింది. తీయడమే గానీ పెట్టడం తెలియని చెయ్యి. మొదటి గీత వంకర పోయింది. రెండోది దానికన్నా వంకర. మొత్తానికి బాణం తయారైంది, నల్లవైపుకు చూపిస్తూ. కోళ్ళు గీకినట్టుంది గానీ ఎటు చూపిస్తోందో ఎవరికైనా తెలుస్తుంది.

"బాగుందా?"

"చాలా బాగుంది అత్తయ్యా" అంది కోడలు.

కుంచె పక్కన పెట్టబోతుంటే దాని చివరినుంచి ఒక బొట్టు జారింది. తెల్ల ఏప్రాన్ మీద, సరిగ్గా నడుమ, నల్లగా పడింది. పడి, పాకింది.

"అమ్మా, సిరా!" అని కొడుకు కంగారుగా గుడ్డ కోసం వెతికాడు. "నీళ్ళేవి? ఆరిపోతే ఇక పోదు, నువ్వే చెప్పావుగా, తొందరగా..."

మరకలమ్మ ఆ మరక వంక చూసింది. పక్కనే బల్ల మీద రాయిని చూసింది. కుంచెను సీసా మీద జాగ్రత్తగా ఆనించింది.

"ఉండనీరా," అంది.